ఒకే సినిమా ఏడు జాబితాల్లో ఉండొచ్చా? మాయాబజార్ విషయంలో సలహా కావాలి

ప్రశ్న: నేలటికెట్

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా కాలనీలో వచ్చే ఏడాది నుంచి నెలకో పాత తెలుగు సినిమా కమ్యూనిటీ హాల్లో వేద్దామనుకున్నాం. అందుకోసం ఒక చిన్న పుస్తకం తయారు చేస్తున్నాం, పది పేజీలు, పేజీకో విభాగం, విభాగానికి ఐదు సినిమాలు. పౌరాణికాలు, హాస్యం, ప్రేమకథలు, పాటలు, మాటలు, కెమెరా పనితనం, గొప్ప నటీమణులు, కుటుంబ కథలు, పిల్లల సినిమాలు, సంఘ సమస్యల సినిమాలు. ప్రతి నెలా ఒక పేజీ వంతు వస్తుంది, ఆ పేజీలో ఉన్న ఐదింట్లో ఏది వేయాలో పిల్లలూ పెద్దలూ చేతులెత్తి చెప్తారు. జాబితా రాసే పని నాకప్పగించారు, ఎందుకంటే పాత సినిమాలంటే నాకు ప్రాణమని అందరికీ తెలుసు.

పెన్సిల్‌తో మొదటి పేజీలో మాయాబజార్ రాశాను. రెండో పేజీ హాస్యం, అక్కడా రాశాను. మూడోది ప్రేమకథలు, లాహిరి లాహిరి పాట ఉన్న సినిమా లేకుండా ప్రేమకథల పేజీ ఏంటి అనిపించింది, రాశాను. అలా చూసుకుంటే ఏడు పేజీల్లో అదే పేరు. కుటుంబ కథల్లోనూ పిల్లల సినిమాల్లోనూ కూడా రాసేవాడినే, అక్కడికి వచ్చేసరికి నాకే చెయ్యి ఆగింది. సంఘ సమస్యల పేజీ ఒక్కటే దానికి నిజంగా సంబంధం లేనిది, అక్కడ మాలపిల్ల, రైతుబిడ్డ ఉన్నాయి.

మా పక్కింటి బాబాయిగారు చూసి, ఇదేం జాబితా, ఒక సినిమాకి ఒకే చోటు ఇవ్వాలి, మిగతా వాటికి అన్యాయం చేస్తున్నావు అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ నా బాధ వేరే. నిజంగానే అది ఆయా విభాగాల్లో మంచి సినిమా అయితే, తీసేస్తే ఆ పేజీ అబద్ధం చెప్పినట్టు కాదా? పాతికేళ్ల పిల్లాడు కెమెరా పనితనం పేజీ తీసి చూస్తాడు, అందులో ఈ సినిమా కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ పని లేదు, అప్పుడు వాడికి మనం ఏం చెప్పినట్టు?

నేనీ సినిమా మొదట చూసింది మా నాన్న పక్కన కూర్చుని, టూరింగ్ టాకీస్‌లో, మూడు ఇంటర్వెల్లతో. ఘటోత్కచుడు లడ్డూలు తింటుంటే నాన్న నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ఆ ప్రేమ నా జాబితాలోకి వచ్చేస్తోందేమో అనే అనుమానం కూడా ఉంది. మీరైతే ఏం చేస్తారు? ఎన్ని పేజీల్లో ఉంచాలి, ఏ లెక్కన తీయాలి?

జవాబు: రీలుపెట్టె

నేలటికెట్ గారూ, మంచి ప్రశ్న. నేను ఇలాంటి జాబితాలు చాలా రాశాను కాబట్టి నేను వాడే పద్ధతి చెప్తాను.

ప్రతి విభాగంలోనూ ఒకటే అడుగుతాను: ఆ ఒక్క అంశాన్ని సినిమాలోంచి తీసేస్తే సినిమా నిలబడుతుందా, కూలిపోతుందా? కూలిపోతే ఆ సినిమా ఆ విభాగానిదే. నిలబడితే, ఆ అంశం ఎంత బాగున్నా, అది సినిమాకి నగ లాంటిది, ఒళ్లు కాదు.

మీ మాయాబజార్‌నే తీసుకోండి. ప్రేమకథ తీసేయండి. అంటే శశిరేఖా అభిమన్యుల మధ్య ఆ పాటలు, ఆ విరహం లేవనుకోండి. చిన్నప్పుడు పెద్దవాళ్లు ఇచ్చిన మాట, పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే మాట తప్పిన బలరాముడు, కూతుర్ని లక్ష్మణకుమారుడికి ఇస్తామనడం, దానికి కృష్ణుడు పన్నిన ఎత్తు, ఇదంతా అలాగే ఉంటుంది. సినిమా నడుస్తుంది. నాగేశ్వరరావుగారి అభిమన్యుడు అందగాడే, కానీ కథని లాగేది ఆయన కాదు, రంగారావుగారి ఘటోత్కచుడు. అందుకని ప్రేమకథల పేజీలోంచి నేను తీసేస్తాను. అక్కడ దేవదాసు ఉంది, మల్లీశ్వరి ఉంది, మూగమనసులు ఉంది. అవి ప్రేమ తీసేస్తే ఏమీ మిగలని సినిమాలు.

ఇప్పుడు హాస్యం తీసేయండి. రేలంగి లక్ష్మణకుమారుడు లేడు, సి.ఎస్.ఆర్. శకుని వంకర నవ్వు లేదు, రమణారెడ్డి చిన్నమయ్య, శిష్యులు లంబు జంబులు లేరు, అల్లు రామలింగయ్య, వంగర శర్మా శాస్త్రులు గోంగూర కోసం గొడవ పెట్టుకోవడం లేదు. ఏం మిగిలింది? చివరి గంట మొత్తం పోయింది, సినిమా పేరే పోయింది, ఎందుకంటే మాయాబజార్ అనే ఊరు కట్టిందే కౌరవుల్ని ఆటపట్టించడానికి. కాబట్టి హాస్యం పేజీలో తప్పకుండా ఉండాలి.

పౌరాణికాల దగ్గర మాత్రం ఆలోచించండి. వ్యాసభారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడి పెళ్లి ఉత్తరతో. ఈ కథ నాటకాలవాళ్లు ఆడుకుంటూ వచ్చిన శశిరేఖా పరిణయం, 1936లో ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. పాండవుల కథ చుట్టూ తిరిగే సినిమాలో పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనబడరు, ఇంత ధైర్యం ఇంకెవరు చేశారు చెప్పండి! పేజీలో ఉంచినా తప్పులేదు, కానీ ఆ చోటు నర్తనశాలకో లవకుశకో ఇస్తే పౌరాణికం అంటే ఏంటో పిల్లలకి బాగా తెలుస్తుంది.

జవాబు: వెన్నెలపడవ

రీలుపెట్టె గారి పద్ధతి బాగుంది కానీ ఒక చిక్కు ఉంది. కెమెరా తీసేస్తే ఏ సినిమా నిలబడుతుంది? పాటలు తీసేస్తే ఏ పాత సినిమా నిలబడుతుంది? పనితనానికి సంబంధించిన పేజీల్లో ఆ పరీక్ష పనిచేయదు. అక్కడ వేరే ప్రశ్న అడగాలి: ఆ పని చేసినవాళ్లు అప్పటిదాకా లేనిది చేసి చూపించారా?

లాహిరి లాహిరి పాట చూడండి, ఈసారి వినకుండా చూడండి, సౌండు ఆపేసి. పడవ మీద మొదట శశిరేఖ, అభిమన్యుడు, తర్వాత కృష్ణుడు, రుక్మిణి, ఆ తర్వాత బలరాముడు, రేవతి. మూడు జంటలు, నీళ్ల మీద ఒకటే వెన్నెల. ఆ వెన్నెల వెన్నెల కాదు! కొన్ని సెకన్ల భాగం మద్రాసు దగ్గర ఎన్నూరులో బయట తీశారు, మిగతాది స్టూడియోలో లైట్లతో పుట్టించింది. ఎక్కడ బయట అయిపోయి ఎక్కడ సెట్టు మొదలైందో నేను ముప్పై సార్లు చూసినా పట్టుకోలేకపోయాను. అలాగే మొదట్లో కనిపించే ద్వారక, అది దాదాపు 300 చిన్న చిన్న బొమ్మ ఇళ్లు, గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో కట్టినవి, 50 అడుగులకి 60 అడుగుల జాగాలో సరిపోయాయి. ప్రతి ఇంట్లోనూ దీపం విడిగా వెలగాలని బార్‌ట్లీ పట్టుబట్టారంటారు. ఇంటింటికీ దీపం ఎందుకండీ, దూరం నుంచి ఎవరు చూస్తారు అని అనుకుంటే ఆ ద్వారక మనకి ఊరులా అనిపించేది కాదు.

వివాహ భోజనంబు పాట గురించి చెప్పాలా! గ్రాఫిక్స్ అనే మాట కూడా లేని రోజుల్లో లడ్డూ తనంతట తను లేచి వెళ్లి ఘటోత్కచుడి నోట్లో పడుతుంది. మా అమ్మాయి వయసు తొమ్మిది, పెద్ద పెద్ద గ్రాఫిక్స్ సినిమాలు చూస్తుంది, ఆ లడ్డూ దగ్గర మాత్రం రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది.

అందుకని కెమెరా పేజీలోంచి దయచేసి తీయకండి. ఒక మాట, మీరు ఏ ప్రింటు వేస్తున్నారు? 2010లో వచ్చిన రంగుల ప్రింటులో నిడివి తగ్గించారు. రంగులు వేసినవాళ్ల కష్టాన్ని గౌరవిస్తాను, దానివల్ల కొత్తతరం థియేటరుకి వచ్చి చూసింది. కానీ కెమెరా పేజీ కింద వేసేటప్పుడు మాత్రం నలుపు తెలుపుదే వేయండి. బార్‌ట్లీ వెలుగునీడలు కొలుచుకుని తీసింది దాని కోసమే.

జవాబు: బందరు లడ్డు

మాటల పేజీ గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు కొంచెం కోపంగా ఉంది.

పింగళి నాగేంద్రరావుగారు రాసిన మాటలు సినిమాలోంచి బయటికి నడిచి వచ్చి మన ఇళ్లలో ఉండిపోయాయి. మా ఆఫీసులో ఇప్పటికీ మనవాళ్లని అసమదీయులు అంటారు, పైవాళ్లని తసమదీయులు అంటారు, అందులో సగం మందికి అది ఏ సినిమాలోదో తెలియదు. కంబళి ఉంటే గింబళి, తల్పం ఉంటే గిల్పం. ఎవరైనా మంచి పని చేస్తే రెండు వీరతాళ్లు వేయమంటాం. ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి అని ఘటోత్కచుడి చేత అనిపించి, అదే సినిమాలో నిజంగా పుట్టించి చూపించిన రచయిత ఆయన. మాటల పేజీలో ఐదు సినిమాలు కాదు, ఇదొక్కటి రాసి మిగతా నాలుగు గీతలు ఖాళీగా వదిలినా నాకు అభ్యంతరం లేదు.

అయినా మీకు రెండో పేరు కావాలంటే పాతాళ భైరవి, అదీ పింగళి వారిదే, అదీ ఈ సినిమా దర్శకుడు కె.వి.రెడ్డిగారిదే.

ప్రశ్న వేసినవారు: నేలటికెట్

అందరికీ చాలా థాంక్స్. కూలిపోతుందా నిలబడుతుందా అనే పరీక్షతో రాత్రి కూర్చుని అన్ని పేజీలూ మళ్లీ చూశాను. ప్రేమకథల్లోంచి తీసేశాను, మనసు ఒప్పుకోలేదు కానీ తీసేశాను. హాస్యం, మాటలు, కెమెరా ఉంటాయి. ఇంకా రెండు పేజీల దగ్గర ఆగిపోయాను. ఒకటి పాటలు, రెండోది గొప్ప నటీమణుల పేజీ, అంటే శశిరేఖ వేసిన సావిత్రిగారి పేజీ. ఈ రెండింటి గురించి ఎవరైనా చెప్పండి.

జవాబు: రెండో ఆట

పాటల సంగతి నేను చెప్తాను, సావిత్రిగారి సంగతి కూడా.

మాయాబజార్ పాటలకి పేరు ఘంటసాలగారిది. కానీ మొదట ఈ సినిమా ఒప్పుకున్నది సాలూరు రాజేశ్వరరావుగారు, కొన్ని పాటలకి బాణీలు కట్టాక ఆయన తప్పుకున్నారు, వాటిని వాద్యాలతో తీర్చిదిద్ది రికార్డు చేసింది, మిగతా బాణీలు కట్టింది ఘంటసాలగారు. వింటే ఎక్కడా అతుకు కనబడదు, అది ఘంటసాలగారి గొప్పతనం. అందుకని పాటల పేజీలో మల్లీశ్వరి పెట్టండి, అక్కడ రాజేశ్వరరావుగారు మొదటి నుంచి చివరిదాకా ఉన్నారు, కృష్ణశాస్త్రిగారి పాటలు. మాయాబజార్ కూడా పెట్టండి. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఉంటే ఆ కథ చెప్పుకోవచ్చు, సినిమా వేసే ముందు పది నిమిషాలు పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి విషయం ఏముంది? మాధవపెద్ది సత్యంగారు దారుకుడి వేషం వేసి, వివాహ భోజనంబు కూడా పాడారని చెప్పండి. మన ముందు రథం తోలిన మనిషి గొంతే తర్వాత ఘటోత్కచుడి నోట్లోంచి వస్తుందంటే వాళ్లు నమ్మరు.

సావిత్రిగారి పేజీ దగ్గర మాత్రం నేను రీలుపెట్టె గారి పక్షం కాదు, ఆయన పరీక్ష ప్రకారం చూసినా సరే. ఆవిడ చేసింది ఒక పాత్ర కాదు. మొదటి సగంలో, ఇష్టమైనవాళ్లని చూపించే ప్రియదర్శిని పెట్టెలో అభిమన్యుణ్ని చూసి సిగ్గుపడే పిల్ల. రెండో సగంలో ఆడపిల్ల రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే ఒక ఆడమనిషి, ఆడమనిషి వేషంలో ఉన్న రాక్షసుణ్ని నటించాలి, అది కూడా రంగారావుగారి ఘటోత్కచుణ్ని, ఆయన నడక, ఆయన చూపు, ఆయన పొగరు. ఆహ నా పెళ్ళంట పాటలో సుశీలగారి గొంతు మధ్యలో మగగొంతు రాగానే ఆవిడ భుజాలు ఎలా మారతాయో చూడండి. మళ్లీ వెంటనే నడుము వయ్యారం. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు ముఖంలో ఎంత అమాయకత్వం! మహానటి సినిమా తీసినప్పుడు కూడా మాయాబజార్ రోజుల్ని మళ్లీ చూపించకుండా ఉండలేకపోయారు, అందులోంచి ఇటు వచ్చిన పిల్లలు నాకు చాలామంది తెలుసు.

అయినా ఒప్పుకుంటాను, ఆ పేజీలో ఆవిడ సినిమా ఒక్కటే పెట్టాలంటే చివరకు మిగిలేది అనే సినిమా పెడతాను. 1960లో వచ్చింది, చాలామంది చూడలేదు. ఎలాగూ హాస్యం పేజీలోనో కెమెరా పేజీలోనో మాయాబజార్ వేస్తారు, అప్పుడు ఆవిణ్ని చూస్తారు. ఈ పేజీ నెలలో చూడని సావిత్రిని చూపించండి.

ఇంకో సంగతి. మీరు ఒక విభాగం మర్చిపోయారు. వేరే సినిమాలకి పేర్లు ఇచ్చిన సినిమా. జంధ్యాలగారు ఒక్కరే అహ నా పెళ్ళంట, చూపులు కలసిన శుభవేళ, వివాహ భోజనంబు, హై హై నాయకా అని నాలుగు తీశారు, నాలుగూ ఇందులోంచి వచ్చినవే, 1987 నుంచి 1989 లోపల. తర్వాత 2002లో లాహిరి లాహిరి లాహిరిలో వచ్చింది. ఈ పేజీలో దీనికి పోటీ ఎవరున్నారు?

జవాబు: రీలుపెట్టె

రెండో ఆట గారూ, చివరకు మిగిలేది మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. నేలటికెట్ గారికి ఇంకో చిన్న విషయం, ఇది లెక్కల విషయం. నెలకో పేజీ అన్నారు కదా, ఒకసారి మాయాబజార్ వేసేశాక మిగతా పేజీల్లో అది ఉన్నా మళ్లీ వేయరు. అంటే ఏడు పేజీల్లో రాస్తే ఆరు చోట్ల మీరు అయిదు బదులు నాలుగే ఇచ్చినట్టు. పుస్తకం చదువుకోవడానికైతే ఏడు చోట్ల ఉండొచ్చు. సినిమా ఎంచుకోవడానికైతే ఒక్కచోటే ఓటుకి పెట్టి, మిగతా పేజీల కింద ఒక వాక్యం రాయండి, ఈ విషయంలో మాయాబజార్ కూడా చూడాలి, ఎందుకంటే ఇదీ అని. బాబాయిగారికీ న్యాయం జరుగుతుంది, బార్‌ట్లీకీ జరుగుతుంది.

కె.వి.రెడ్డిగారు షూటింగుకి ముందే ఏ సీను ఎన్ని నిమిషాలు ఉండాలో స్టాప్‌వాచీ పెట్టి లెక్క కట్టుకునేవారని చెప్తారు. మూడు గంటల సినిమాలో అన్ని విభాగాలు సరిపోయాయంటే ఆ లెక్క వల్లే. ఈయన దగ్గర అసిస్టెంటుగా ఈ సినిమాకి పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు తర్వాత ఒక్క మాట కూడా లేకుండా పుష్పక విమానం తీశారు, మాటలకి పేరుపడ్డ సినిమా దగ్గర నేర్చుకున్న మనిషి! వీలైతే ఆ సినిమాని కూడా ఎక్కడైనా ఇరికించండి.

జవాబు: వెన్నెలపడవ

కింద ఒక వాక్యం రాసే ఆలోచన చాలా బాగుంది. కెమెరా పేజీ కింద వాక్యం నేను రాసిస్తాను, అడగండి.

ప్రశ్న వేసినవారు: నేలటికెట్

రాసివ్వండి తప్పకుండా, మాటల పేజీ కింద వాక్యం బందరు లడ్డు గారు రాయాలి.

నిర్ణయం ఇదీ. ఓటు హాస్యం పేజీలో. మాటలు, కెమెరా, పాటలు, పౌరాణికాలు, సావిత్రిగారి పేజీల్లో కింద వాక్యం. ప్రేమకథల పేజీలో ఏమీ లేదు. పక్కింటి బాబాయిగారికి చూపించాను, ఆయన చదివి, సరే కానీ ముందు ఏ నెల వేస్తున్నావు అన్నారు. మొదటి నెలే అన్నాను, హాస్యం పేజీతోనే మొదలుపెడుతున్నాం. నలుపు తెలుపు ప్రింటే.

ఆరు చోట్లు ఖాళీ అయ్యాయి, వాటిలో పాటల్లో మల్లీశ్వరి, పౌరాణికాల్లో నర్తనశాల, నటీమణుల్లో చివరకు మిగిలేది రాశాను. కెమెరా పేజీలో నాలుగే ఉన్నాయి. 1960కి ముందు వచ్చిన నలుపు తెలుపు సినిమా, వెలుతురు బాగా వాడినది ఏదైనా చెప్పగలరా? బార్‌ట్లీ గారిదైతే ఇంకా మంచిది. మిస్సమ్మ పేరు నా మనసులో ఉంది.